తమ్ముడి కోసం చేసిన సంతకాలు: ఏ అప్పు మీది, ఏది కాదు

పాఠకురాలి ఉత్తరం:

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. వయసు 46. మా తమ్ముడు భీమవరం అవతల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేశాడు. 2023లో పెట్టుబడి కోసం వాడు బ్యాంకులో తీసుకున్న 6 లక్షలకు నేను హామీ సంతకం చేశాను. నా 20 కాసుల బంగారం నా పేరు మీదే తాకట్టు పెట్టి 5 లక్షలు వాడి ఖాతాలో వేశాను. అవీ చాలక ఆ జూన్‌లో మా ఊళ్లో ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు నేనే నోటు రాసి ఇప్పించాను. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఇచ్చాను. ఈ నోటు సంగతి మా వారికి తెలియదు. రెండు పట్టుబడులు బాగానే వచ్చాయి, తర్వాత తెల్లమచ్చ రోగం తగిలింది, ఆపైన రేటు పడిపోయింది. తమ్ముడు ఎనిమిది నెలలు వడ్డీ కట్టి ఆపేశాడు. చెరువు వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు, జనరేటరు వాళ్ల పెరట్లో పరదా కప్పి ఉన్నాయి. నా ఫోను ఎత్తడు, అమ్మతో మాత్రం మాట్లాడతాడు. నోటు ఇచ్చినాయన జూన్‌లోగా వడ్డీ అసలులో కలిపి తిరగరాయమంటున్నాడు, లేదంటే చెక్కు వేస్తానంటున్నాడు. మేత కొట్టు ఆయన కూడా తమ్ముడి బాకీ 3 లక్షలు నన్నే అడుగుతున్నాడు. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన 40 సెంట్ల కొబ్బరి తోట అమ్మి అందరికీ కట్టేయమంటారా? కోర్టుకు వెళ్లి పుట్టిల్లు పోగొట్టుకోలేను. అమ్మాయి ఇంజినీరింగు మూడో సంవత్సరంలో ఉంది.

సమాధానం:

సోదరీ,

తోట అమ్మవద్దు. మిగతా సంగతులు నిదానంగా ఆలోచించుకోవచ్చు గానీ ఈ ఒక్క మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే రేపో మాపో బేరానికి ఎవరినో పిలిచేటట్టున్నారు. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నారని ఊరందరికీ తెలిసిన రోజున అమ్మే భూమికి అసలు ధర రాదు. పైగా మీరు రాసిన లెక్కలన్నీ వేసి చూస్తే తోట అమ్మవలసిన అవసరమే కనిపించడం లేదు. ఆ లెక్క కింద వివరిస్తాను.

ముందుగా, మీరు అన్నిటినీ ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్న ఈ అప్పులు నిజానికి ఒక్కటి కావు. బంగారం మీద తెచ్చిన 5 లక్షలు, నోటు మీద తెచ్చిన 4 లక్షలు చట్టం దృష్టిలో పూర్తిగా మీ అప్పులు. ఆ డబ్బు తమ్ముడి చెరువులోకి పోయిందన్న సంగతి మీకూ అతనికీ మధ్య విషయం, అప్పు ఇచ్చినవారికి దానితో సంబంధం లేదు. బ్యాంకులోని 6 లక్షలు తమ్ముడి అప్పు, దానికి మీరు హామీదారు. మేత కొట్టు బాకీ మీది కాదు. మీరు ఎక్కడా సంతకం చేయలేదు, కడతానని మాట ఇవ్వలేదు, అక్క అయినందువల్ల బాధ్యత రాదు. ఆ కొట్టు ఆయన మంచివాడే కావచ్చు, ఆయన డబ్బు పోవడం అన్యాయమే కావచ్చు. అయినా ఆయనకు చెప్పవలసింది మర్యాదగా ఒకే మాట: "ఆ ఖాతా మా తమ్ముడిది, అతనితోనే తేల్చుకోండి." మొహమాటానికి పదివేలు చేతిలో పెట్టినా, "చూద్దాంలెండి" అన్నా, రేపు అదే మీరు ఒప్పుకున్నట్టుగా చెప్పుకుంటారు. ఆయన తెచ్చే ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ నోటు. మొత్తంలో చిన్నదే అయినా వేగంగా పెరిగేది అదే. నూటికి నెలకు రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం, మీ 4 లక్షలకు నెలకు 8,000 రూపాయలు. నోటు ఇచ్చినాయన 36 నెలల వడ్డీ 2,88,000 కలిపి 6,88,000కు కొత్త నోటు రాయమంటున్నాడని అనుకుంటున్నాను. తమ్ముడు కట్టిన ఎనిమిది నెలల వడ్డీ, అంటే 64,000 రూపాయలు, అందులో తగ్గించాడా అని మొదట అడగండి. నోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టిందన్న రాత, రాయించకపోతే అది కట్టినట్టు ఆయన ఒప్పుకోకపోవచ్చు. తమ్ముడు ఫోన్‌పే ద్వారా పంపి ఉంటే అతని బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటులో ప్రతి చెల్లింపూ తేదీతో సహా ఉంటుంది. చేతికి ఇచ్చి ఉంటే, ఏ రోజు, ఎవరి ఎదుట, ఎంత ఇచ్చాడో అతను గుర్తుచేసుకుని రాసి ఇవ్వాలి. ఆ 64,000 పోగా జూన్ నాటికి వడ్డీతో కలిపి మొత్తం 6,24,000 అవుతుంది. మీరు మాట్లాడవలసిన అంకె అక్కడి నుంచి కిందికే ఉండాలి, పైకి కాదు.

తిరగరాస్తే ఏమవుతుందో కూడా చూడండి. 6,88,000 అసలు అయిపోతే నెల వడ్డీ 8,000 నుంచి 13,760కు పెరుగుతుంది. మళ్లీ కట్టలేక మరో మూడేళ్లకు తిరగరాయవలసివస్తే 11,83,360 అవుతుంది. తీసుకున్నది 4 లక్షలు. మన డెల్టాలో సార్వా పోయిన ఏడు రాసిన చిన్న నోటు పిల్లల పెళ్లిళ్ల నాటికి పొలాన్నే మింగిన సంసారాలు ఇలా తిరగరాసి తిరగరాసి పాడైనవే. కాబట్టి ఏం చేసినా సరే, వడ్డీని అసలులో కలిపిన కొత్త నోటు మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఆయనకు జూన్ తొందర ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు, ఆ తర్వాత నోటుకు కాలదోషం పడుతుంది. "జూన్ దాకా తప్పించుకు తిరుగు, తర్వాత ఆయన ఏమీ చేయలేడు" అని సలహా ఇచ్చేవారు మీ చుట్టూ ఉంటారు. నేనైతే ఆ సలహా ఇవ్వను. తీసుకున్న అసలు ఎగ్గొట్టడం ధర్మం కాదు, అది మొదటి కారణం. రెండోది, వడ్డీ వ్యాపారం చేసేవాడు గడువు తేదీని మీకన్నా జాగ్రత్తగా చూసుకుంటాడు. తిరగరాయకపోతే గడువుకు ముందే దావా వేస్తాడు, లేదా చెక్కు బ్యాంకులో వేస్తాడు. చెక్కు తిరిగివస్తే అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా విధించే వీలుంది. "నేను ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకె ఆయనే వేసుకున్నాడు" అన్నంత మాత్రాన బయటపడలేరు. సంతకం మీదని ఒప్పుకుంటే ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని మీరు చూపించాలి. బ్యాంకుకు చెప్పి చెల్లింపు ఆపించినా ఇదే కేసు వస్తుంది. ఒకవేళ చెక్కు తిరిగివచ్చిందని ప్లీడరు నోటీసు వస్తే, అది అందిన రోజు నుంచి 15 రోజుల్లో చెల్లించే అవకాశం ఉంటుంది. ఆ నోటీసును తీసుకోకుండా తిప్పి పంపడం, బీరువాలో దాచిపెట్టడం వంటి పనులు చేయకుండా అదే రోజు ప్లీడరు దగ్గరకు వెళ్లాలి.

భయపడవలసినది ఎంతవరకో అంతవరకే భయపడడం కోసం ఇంకో రెండు సంగతులు చెబుతాను. నోటు మీద సివిల్ కోర్టులో డిక్రీ వచ్చినా, డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ఒప్పుకోదు. అదే కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను జప్తు చేయడానికి వీల్లేదు. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ జోలికి రాకూడదు. "ఉద్యోగం పోతుంది, జైల్లో పెట్టిస్తాను" అని నోటు చూపించి ఎవరైనా బెదిరిస్తే అందులో నిజమెంతో మీకు తెలియాలి కాబట్టి ఇంత వివరంగా రాశాను. ఇంటికి మనుషులను పంపి దూషించినా, బడి దగ్గర నిలబడి పరువు తీస్తామన్నా 112కు ఫోను చేయండి, పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అప్పు ఉన్నంత మాత్రాన బెదిరించే హక్కు ఎవరికీ రాదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న. మీ 20 కాసులంటే 160 గ్రాములు. 2023లో మీరు తాకట్టు పెట్టిననాటికీ ఇప్పటికీ బంగారం ధర ఎంత మారిందో మీరు గమనించినట్టు లేదు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. నగల బంగారానికి గ్రాముకు 9,000 చొప్పున తగ్గించి వేసుకున్నా మీ నగల విలువ 14,40,000 ఉంటుంది. దాని మీద బ్యాంకు మూడు వంతులు ఇచ్చినా 10,80,000 వస్తుంది. పాత 5 లక్షలు పోగా మరో 5,80,000 వరకు అదే బంగారం మీద పుడుతుందన్నమాట. బ్యాంకు వడ్డీ ఏడాదికి 9 శాతం అనుకుంటే మన లెక్కలో ముప్పావలా వడ్డీ, అంటే నూటికి నెలకు 75 పైసలు. రెండు రూపాయల అప్పును ముప్పావలా అప్పుగా మార్చుకోవడమే మీరు ఇప్పుడు చేయగల అన్నిటికన్నా తెలివైన పని. 6,24,000ను బేరమాడి 5,60,000కు తగ్గించి, అంత తెచ్చి నోటు తీర్చేస్తే దాని మీద నెలకు 4,200 వడ్డీ పడుతుంది. తిరగరాసిన నోటు మీద పడే 13,760 పక్కన దీన్ని పెట్టి చూడండి. అయితే ఒక షరతు ఉంది. ఈ కొత్త అప్పులో ఒక్క రూపాయి కూడా మరో అవసరానికి వాడకూడదు, నెలనెలా జీతంలోంచి అసలు కూడా కొంత కట్టుకుంటూ పోవాలి. అంత కట్టడం భారం అనిపిస్తే నాలుగైదు కాసులు అమ్మి అప్పు తగ్గించుకోవడంలో తప్పు లేదు. నగ మళ్లీ చేయించుకోవచ్చు, కాలువ నీరు అందే నలభై సెంట్లు మళ్లీ కొనడం మీ జీతంతో కాదు. తోట మీద వచ్చే దింపుల డబ్బు ఎంతైనా సరే, అది అమ్మాయి ఫీజుకని విడిగా ఉంచండి.

5,60,000కు ఆయన ఒప్పుకుంటాడా అంటే, దావా వేసి ఏళ్ల తరబడి తిరగడం కన్నా ఒకేసారి చేతికి వచ్చే డబ్బు ఆయనకూ మేలే. ఊరి పెద్దల్లో పెట్టి మాట్లాడండి. కుదరకపోతే నరసాపురం, భీమవరం కోర్టు ఆవరణల్లో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. దావా వేయకముందే వ్యవహారాన్ని లోక్ అదాలత్‌కు తీసుకుని వెళ్లవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. వడ్డీ విషయంలో ప్లీడరును ఇంకో మాట అడగండి. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1938లో వచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ కోర్టుల ముందుకు వస్తుంటుంది. మీ ఉద్యోగం దృష్ట్యా అది మీకు వర్తించకపోవచ్చు గానీ, వడ్డీ మరీ ఎక్కువని కోర్టును అడిగే ఇతర మార్గాలను కూడా ఆయన చూస్తారు.

ఇవన్నీ చేయాలంటే ముందు మీ వారికి నోటు సంగతి చెప్పాలి. ఈ మాట వాయిదా వేయకండి. బ్యాంకుకు వెళ్లి బంగారం మీద అప్పు పెంచుకున్నా, పెద్దల్లో మాట్లాడినా ఎలాగూ ఆయనకు తెలుస్తుంది. ప్లీడరు నోటీసు ద్వారానో, వీధిలో ఎవరి నోటి ద్వారానో తెలియడం కన్నా మీ నోటి ద్వారా తెలియడం వేయిరెట్లు మేలు. చెప్పేటప్పుడు ఉత్త కన్నీళ్లతో కాకుండా కాగితంతో వెళ్లండి: ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏది మనది, ఏది కాదు, ఎలా తీర్చబోతున్నాం. కోప్పడతారు. కోప్పడే హక్కు ఆయనకు ఉంది. అయినా లెక్క తేలి, దారి కనిపించే అప్పును మనుషులు భరించగలరు. ఎంత దాచారో తెలియకపోవడమే సంసారంలో భరించలేనిది.

బ్యాంకు అప్పు విషయానికి వస్తే, "ముందు తమ్ముడి మీద వసూలు చేసుకోండి, ఆ తర్వాతే నా దగ్గరకు రండి" అనే హక్కు హామీదారుకు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, 1969లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వాయిదాలు తప్పితే మీ సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడతారా అని బ్యాంకులు చూసే అంకె, కూడా పడిపోతుంది, రేపు అమ్మాయి చదువు రుణానికి మీరు వెళ్లినప్పుడు అది అడ్డుపడుతుంది. అందుకని నోటీసు వచ్చేదాకా కూర్చోకుండా మేనేజరుకు ఉత్తరం రాసి, నేటి వరకు ఉన్న ఖాతా లెక్క, మీరు సంతకం చేసిన హామీ పత్రం నకలు అడగండి. మీకు చెప్పకుండా తమ్ముడికి అప్పు పెంచారా, షరతులు మార్చారా అన్నది అందులో చూడాలి. అలా మార్చి ఉంటే హామీదారుకు కొన్ని సందర్భాల్లో విముక్తి ఉంటుంది, కానీ బ్యాంకుల హామీ పత్రాల్లో ఆ హక్కు వదులుకున్నట్టు ముందే రాయించుకోవడం మామూలే.

ఆ పెరట్లో పరదా కింద ఉన్న ఏరియేటర్లు, జనరేటరు సంగతి మాత్రం వెంటనే తేల్చండి. అవి ఈ రుణంతో కొన్నవే అయితే బ్యాంకుకు హామీగా ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి బ్యాంకు అనుమతితో అమ్మించి ఆ డబ్బు ఖాతాలో జమ చేయించాలి. రెండు వానాకాలాలు పెరట్లో నానితే మోటార్లు తుప్పుపట్టి పాత ఇనుము ధరకు పోతాయి. మిగిలిన మొత్తానికి వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకుని ఖాతా మూసే ఏర్పాటు, ఉందేమో అడగండి. మీ చేతి డబ్బు ఎంత కట్టినా రసీదు మీ పేరున తీసుకోండి. హామీదారు కట్టిన ప్రతి రూపాయినీ అసలు బాకీదారు తిరిగి ఇవ్వాలని అదే చట్టం 145వ సెక్షన్ చెబుతోంది.

చివరగా తమ్ముడు. అతను మోసగాడని మీ ఉత్తరం చదివినవారెవరూ అనుకోరు. తెల్లమచ్చ మన ప్రాంతానికి కొత్త కాదు, టైగరు రొయ్య రోజుల్లో 1994-95లో కోస్తా చెరువులను ఊడ్చిపెట్టింది అదే. వనామీ వచ్చాకా అది వదల్లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చేతికొచ్చిన పంట ఏ రేటుకు అమ్మాలో తెలియక ఎంతమంది నలిగిపోయారో మీరూ చూశారు. అక్క ఫోను ఎత్తకపోవడం చాలాసార్లు సిగ్గు వల్ల, దిక్కుతోచకపోవడం వల్ల జరుగుతుంది. అందుకే మొదటి ఫోను అప్పు గురించి చేయకండి. అమ్మగారి ఫోనులోంచి మాట్లాడి, ముందు అతను ఎలా ఉన్నాడో, తింటున్నాడో, నిద్రపోతున్నాడో అడగండి. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే అప్పు సంగతి పక్కన పెట్టి, మరదలిని, స్నేహితులను అతని దగ్గర ఉండమనండి. మానసిక వేదనలో ఉన్నవారికి సాయం చేసే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

అతను కుదుటపడ్డాక మాత్రం కాగితం తప్పనిసరి. ఇందులో మీరు గమనించని ఒక గడువు ఉంది. మీరు అతనికి ఇచ్చిన 5 లక్షలు, 4 లక్షలు కూడా చేబదులే, వాటికీ మూడేళ్ల కాలపరిమితి వర్తిస్తుంది. ఆ గడువు ముగిసేలోగా "అక్క దగ్గర ఇంత తీసుకున్నాను, ఇంకా ఇంత ఇవ్వాలి" అని తేదీ వేసి సంతకం చేసిన ఒప్పుదల అతను రాసిస్తే గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. రాయకపోతే మీరు అడిగే హక్కు కూడా కరిగిపోతుంది. ఇలా రాయించుకోవడం తమ్ముడిని కోర్టుకు లాగడం కాదు. ఊరికి దూరంగా ఉన్న మనిషికి నెలకు మూడు వేలో ఐదు వేలో పంపే పద్ధతి ఒకటి ఏర్పడితే అక్క ముఖం చూడగలిగే ధైర్యం వస్తుంది.

నాన్నగారి పేరున పొలం ఏమైనా ఉందా అన్నది మీరు రాయలేదు. నాన్నగారు లేరు, అది ఆయన స్వార్జితం, వీలునామా రాయలేదు, పంపకం జరగలేదు అనుకుంటే, అందులో అమ్మగారికి, తమ్ముడికి, మీకు సమానంగా హక్కు ఉంటుంది. పసుపు కుంకుమ ఇచ్చాం కాబట్టి ఆడపిల్లకు ఇక వాటా లేదనడం ఊరి మాటే గానీ చట్టం మాట కాదు. అమ్మగారి భాగం పూర్తిగా కదపకుండా ఆమెకే ఉంచి, మక్తా, అంటే కౌలు డబ్బు, ఆమెకే చేరేలా చూసి, మీకూ తమ్ముడికీ మధ్య ఉన్న బాకీని అతని భాగంలో సర్దుకుంటూ పంపకం చేసుకోండి, దాన్ని తప్పకుండా రిజిస్టరు చేయించండి. దాళ్వా కోతలకు అందరూ ఊళ్లో కలిసే రోజుల్లో దీని గురించి మాట్లాడితే మంచిది. అమ్మగారు "పరువు పోతుంది, తమ్ముడిని రాతలు అడుగుతావా" అంటారు. ఆమెతో వాదించకండి. మీకు ఏదైనా అయితే ఈ అప్పుల భారం మీ అమ్మాయికి దక్కవలసిన ఆస్తి మీద పడుతుందని, అందుకే రాత కావాలని నెమ్మదిగా చెప్పండి. మనవరాలి పేరు వింటే ఆమె ఆలోచిస్తారు.

నోటు తీర్చే రోజున డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి. అంతకుముందే ఇద్దరు పెద్దల ఎదుట అసలు నోటును ఆయన తెచ్చి చూపించాలి, డబ్బు పడిన వెంటనే పూర్తిగా ముట్టిందని దాని వెనక చెల్లు రాసి, సంతకం చేసి మీ చేతికి ఇవ్వాలి. ఖాళీ చెక్కు కూడా అప్పుడే వెనక్కి తీసుకోండి. చెక్కు ఎక్కడో పోయిందంటే దాని నంబరు వేసి, "ఈ చెక్కు మీద నాకు రావలసిన బాకీ ఏదీ లేదు" అని అదే కాగితం మీద రాయించుకుని, పెద్దలిద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించండి. అది రాయనంటే ఆ రోజు డబ్బు పంపకండి.